పగడం కుట్టిన మంట తగ్గింది సరే, వేలి మీద బుడిపె సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 41. తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. రెండేళ్లుగా ఇంట్లో నాలుగడుగుల ఉప్పునీటి ఆక్వేరియంలో పగడాలు పెంచుతున్నాను. టార్చ్, హ్యామర్, గెలాక్సియా, కొన్ని బటన్ పాలిప్స్ ఉన్నాయి. మూడు వారాల కిందట గెలాక్సియాను పక్కకు జరుపుతుంటే ముంజేతికి తగిలి చుర్రుమంది. ఎర్రటి చారలు తేలాయి. అమ్మ సున్నం రాసింది. రెండు రోజుల్లో తగ్గింది గానీ, పది రోజులకు అదే చోట మళ్లీ దురద, దద్దుర్లు వచ్చాయి. విషం ఒంట్లో ఉండిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. నా భార్యకు ఆస్తమా, అమ్మకు షుగరు ఉన్నాయి. ఆరేళ్ల పాప ఉంది. పగడాలన్నీ తీసేయాలా? ఇంకో సంగతి, కుడిచేతి చూపుడు వేలి కణుపు మీద నెలన్నరగా చిన్న బుడిపె ఉంది. నొప్పి లేదు. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తున్నాను.
- ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు చివర్లో 'ఇంకో సంగతి' అంటూ రాసిన ఆ బుడిపె గురించే నాకు ఎక్కువ ఆలోచనగా ఉంది. పగడం కుట్టిన విషయం తర్వాత చెబుతాను, అందులో అంత భయపడాల్సిందేమీ లేదు. ముందు వేలికి ఆ క్రీము రాయడం ఇవాళే ఆపేయండి.

ఆక్వేరియం నీళ్లలో మైకోబాక్టీరియం మెరైనం అనే బాక్టీరియా ఉండొచ్చు. ఇది క్షయ క్రిమికి దగ్గరి జాతి. 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ఆక్వేరియంలో చనిపోయిన చేపల్లో దీన్ని మొదట కనుక్కున్నారు. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, దాని గుండా లోపలికి పోతుంది. పగడాల రాళ్లు పదునుగా ఉంటాయి కాబట్టి వాటిని పెంచేవాళ్ల చేతులకు గీతలు పడుతూనే ఉంటాయి. బుడిపె మాత్రం వెంటనే రాదు. రెండు నుంచి నాలుగు వారాలకు, ఒక్కోసారి నెలల తర్వాత కనిపిస్తుంది. అప్పటికి గీత పడిన సంగతే గుర్తుండదు. ఈ క్రిమి 30 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, ఒంటి లోపలి 37 డిగ్రీల వేడి దీనికి అంతగా పడదు. అందుకే వేళ్లు, చేతులు లాంటి కాస్త చల్లటి చోట్లనే పట్టుకుని ఉంటుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. మీ నుంచి పాపకు వస్తుందన్న భయం పెట్టుకోకండి.

మీది అదేనని చూడకుండా చెప్పలేను. మామూలు ఉలిపిరికాయ కావచ్చు. కానీ ఉప్పునీళ్లలో చేతులు పెట్టే మనిషికి, వేలి కణుపు మీద, నొప్పి లేకుండా నెల దాటిన బుడిపె ఉంటే పరీక్ష చేయించకుండా వదలకూడదు. ఈ వారంలోనే రుయా ప్రభుత్వాసుపత్రిలో గానీ, మీకు దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో గానీ చర్మవ్యాధుల డాక్టరుకు చూపించుకోండి. కుర్చీలో కూర్చున్న వెంటనే 'మా ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియం ఉంది, అందులో ఒట్టి చేతులు పెడుతుంటాను' అని చెప్పండి. సముద్రం లేని ఊళ్లో ఏ డాక్టరూ తనంతట తాను ఈ ప్రశ్న అడగరు. ఆ ఒక్క ముక్క చెప్పకపోతే ఏమవుతుందంటే, బుడిపె నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినప్పుడు 'గ్రాన్యులోమా' (వాపు కణాలు గుమిగూడిన గడ్డ) అని రిపోర్టు వస్తుంది. మన దేశంలో దాన్ని చూడగానే చర్మానికి వచ్చిన టీబీ అనుకోవడం సహజం. టీబీకి ఇచ్చే మందుల్లో ఐసోనియాజిడ్, పైరజినమైడ్ ఈ క్రిమి మీద పనిచేయవు. ల్యాబులో కల్చరు (క్రిమిని పెంచి చూసే పరీక్ష) కూడా మామూలు 37 డిగ్రీల దగ్గర పెడితే ఏమీ పెరగకపోవచ్చు. 30 డిగ్రీల చుట్టుపక్కల ఉంచి, వారాల తరబడి చూడాలి. సంగతి తెలిసిన డాక్టరు ల్యాబు చీటీ మీద ఆ మాట రాసి పంపుతారు.

అదే అని తేలితే కంగారు పడొద్దు, నయమవుతుంది. క్లారిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, ఇథాంబుటాల్, రిఫాంపిసిన్ లాంటి వాటిలో ఏవి కావాలో మీ డాక్టరు నిర్ణయిస్తారు. మూడు నాలుగు నెలలు వాడాల్సి రావచ్చు. బుడిపె మాయమయ్యాక కూడా నెల, రెండు నెలలు మింగాలి. చాలామంది అక్కడే ఆపేస్తారు, అది తిరగబెడుతుంది. నిర్లక్ష్యం చేస్తే మాత్రం లోపలి స్నాయువులకు (టెండన్లకు), కీలుకు పాకి వేలు మడవలేని స్థితి వస్తుంది. వేలి నుంచి మోచేతి వైపు వరుసగా ఇంకో రెండు బుడిపెలు లేచాయంటే అపాయింట్‌మెంటు కోసం కూడా ఆగకండి.

ఇక ఆ క్రీము. ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బెటామెథసోన్ అనో ఉందేమో చూడండి. దురదకు, తామరకు, కురుపుకు, అన్నిటికీ షాపుల్లో చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావరకు ఈ స్టెరాయిడ్లే. ఎర్రదనం తగ్గించి, తగ్గుతోందన్న నమ్మకం కలిగిస్తాయి. చర్మం లోపలున్న క్రిమికి మాత్రం అడ్డు ఉండదు. డాక్టరు దగ్గరికి ఆ ట్యూబు కూడా తీసుకెళ్లండి.

ఇప్పుడు మీ ముంజేతి సంగతి. పగడం జంతువు. ఎరను పట్టడానికి, పక్క పగడాన్ని తన చోటులోకి రానివ్వకుండా తరమడానికి దాని టెంటకిల్స్ (మీసాల్లాంటి పోగులు) నిండా కుట్టే కణాలు ఉంటాయి. తగలగానే ఒక్కో కణంలో చుట్టి ఉన్న సన్నటి గొట్టం బయటికి దూసుకొచ్చి గుచ్చుకుంటుంది. గెలాక్సియా వీటిలో మరీ మొండిది. రాత్రిళ్లు పొడవాటి స్వీపర్ టెంటకిల్స్ చాచి, జానెడు దూరంలో ఉన్న పగడాన్ని కూడా కాల్చేస్తుంది. మన అరచేతి తోలు మందం కాబట్టి అక్కడ చాలాసార్లు ఏమీ తెలియదు. ముంజేతి లోపలి వైపు చర్మం పలుచన, మీకు చురుక్కుమన్నది అందుకే. 'ఇన్నేళ్లుగా పట్టుకుంటున్నా నాకేం కాలేదు' అన్న ధైర్యం అరచేతిది, ఒంటిది కాదు. పదే పదే తగిలితే అలర్జీ పెరిగే అవకాశం ఉంది.

పది రోజులకు మళ్లీ దద్దుర్లు రావడం కూడా తెలిసిన విషయమే. విషం మిగిలిపోవడం వల్ల కాదు, లోపలికి దిగిన ఆ పదార్థాన్ని మీ రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టి ఆలస్యంగా స్పందించడం వల్ల. ఇంకోసారి వచ్చినా ఆశ్చర్యపోకండి. రాత్రి ఒక సెట్రిజిన్ మాత్ర, ఆ దద్దుర్ల మీద మాత్రం ఐదారు రోజులు తక్కువ శక్తి గల హైడ్రోకార్టిసోన్ క్రీము సరిపోతాయి. వేలికి వద్దన్న స్టెరాయిడ్ ముంజేతికి ఎందుకు చెబుతున్నానంటే, ముంజేతి మీదున్నది అలర్జీ, వేలి మీదున్నది ఇన్ఫెక్షన్ కావచ్చు. క్రీము రాసిన చేత్తో వేలి బుడిపెను తాకకండి.

సున్నం వద్దని అమ్మగారికి నా మాటగా చెప్పండి. అది చర్మాన్ని కాలుస్తుంది. మళ్లీ కుడితే, నీళ్లు మార్చడానికి కలిపి పెట్టుకున్న కొత్త ఉప్పునీళ్లతో కడగండి. రుద్దొద్దు, ముందుగా మంచినీళ్లు పోయొద్దు. పేలకుండా మిగిలిన కణాలు రెండింటివల్లా పేలతాయి. అంటుకున్న పోగులను పట్టకారుతో తీసి, ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చేయి ముంచి ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. 45 డిగ్రీలు దాటకూడదు. రాయి గీసుకుని తెగితే పద్ధతి వేరు: సబ్బుతో, ధారగా పడే మంచినీళ్లతో లోపలి పగడం ముక్కలన్నీ పోయేదాకా కడగాలి. పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగి వాంతులైనా వెంటనే 108కి ఫోన్ చేయండి.

పగడాలన్నీ తీసేయాలా అని అడిగారు. కుట్టేవాటి కోసమైతే అక్కర్లేదు. మీ ఇంట్లో నేను భయపడేది అసలు కుట్టని ఆ బటన్ పాలిప్స్‌కు. వాటిలో కొన్ని రకాల్లో, ముఖ్యంగా పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో ఇదొకటి, దీనికి విరుగుడు మందు లేదు. రాయి మీద నుంచి వాటిని పోగొట్టడానికి బ్రష్‌తో గీకినా, మరిగే నీళ్లు పోసినా ఆవిరితో, తుంపరలతో గాల్లో కలుస్తుంది. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒకరు ఆక్వేరియం శుభ్రం చేస్తుండగా ఇంట్లోవాళ్లు, సాయానికి వచ్చిన ఫైర్ సిబ్బంది కూడా ఆసుపత్రి పాలయ్యారు. నోట్లో చేదుగా, లోహం రుచిలా ఉండి, చలిజ్వరం, దగ్గు, ఆయాసం, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఆస్తమా ఉన్న మీ ఆవిడకు ఇది మామూలు మనిషి కంటే ప్రమాదం. ఆమె ఉన్న ఇంట్లో అవి వద్దనే నా సలహా. రాయిని నీళ్లలో ఉండగానే సంచిలోకి దించి మూతి కట్టి, వాటి సంగతి తెలిసినవాళ్లకు అప్పగించండి. కళ్లలో నీళ్లు చిందితే పావుగంట పాటు ఆపకుండా కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఉంచుకునే పగడాలకు కాగితాలు కూడా చూసుకోండి. రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసినవి కొనడం, ఉంచుకోవడం నేరం.

ట్యాంకులో చేయి పెట్టేముందు మోచేయి దాటే గ్లోవ్స్, కళ్లద్దాలు వేసుకోండి. పంపులు, హీటరు కరెంటు తీసేయండి. నీళ్లు మార్చేటప్పుడు పైపును నోటితో పీల్చే అలవాటుంటే మానండి, చేతి పంపు తక్కువ ధరకే దొరుకుతుంది. మూతకు పాప తీయలేని గొళ్లెం పెట్టించండి. గెలాక్సియాను మీరు రోజూ చేయి పెట్టే వైపు కాకుండా అవతలి మూలకు మార్చండి.

అమ్మగారు ఆ నీళ్లలో చేయి పెట్టకూడదు, ఆ బకెట్లు కూడా కడగకూడదు. షుగరు ఉన్నవాళ్ల పుండుకు ఉప్పునీటి విబ్రియో బాక్టీరియా తగిలితే ఒక్కరోజులోనే ప్రాణం మీదికి రావచ్చు. ఎప్పుడైనా పొరపాటున తెగిన చోట ఎర్రదనం గంటగంటకూ పాకుతున్నా, బొబ్బలు లేచినా, జ్వరం తగిలినా తెల్లవారేదాకా ఆగకుండా రుయా క్యాజువాల్టీకి తీసుకెళ్లండి. అక్కడ కూడా పుండుకు ఆక్వేరియం ఉప్పునీళ్లు తగిలాయని చెప్పండి. దాన్ని బట్టే యాంటీబయాటిక్ మారుతుంది.