తిరుపతిలో ఇంటి నుంచి కలంకారీ గిఫ్టులు అమ్మాలంటే జీఎస్టీ కావాలా?

ఇంట్లో కుట్టిన కలంకారీ సంచులు, పెళ్లి రిటర్న్ గిఫ్టులు అమ్మడానికి జీఎస్టీ తప్పనిసరా, ధర ఎలా పెట్టాలి అని అడిగారు. మన రాష్ట్రంలోనే అమ్ముకుంటే, సరుకుల టర్నోవర్ (మొత్తం అమ్మకాల విలువ) ఏడాదికి 40 లక్షలు దాటేదాకా అక్కర్లేదు. ఆ టెన్షన్ వదిలేయండి. బయటి రాష్ట్రాలకు పంపితే నియమాలు వేరు.

అసలు తిప్పలు ధర దగ్గరే. గుడ్డ, లైనింగ్, జిప్పు లెక్కేస్తారు, కుట్టుకూలి మాత్రం మర్చిపోతారు (ఇంట్లోవాళ్లమే కదా అని!). అదీ కలపండి.

ఇంకోటి, శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు) ఉంది. అందుకే చేత్తో గీసిందేదో, ప్రింటేదో తెలుసుకోండి. కలంతో గీసిన గీత ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా పోతుంది; స్క్రీన్ ప్రింటులో పువ్వులన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి. ప్రింటు గుడ్డయితే ప్రింటనే చెప్పి అమ్మండి. పెళ్లి ఆర్డర్లకు సగం అడ్వాన్సు చేతిలో పడందే కత్తెర పట్టకండి.