అమ్మినవారి పన్ను బిల్లును నమ్మి ఇల్లు కొనకండి

డాలస్ చుట్టుపక్కల అద్దెకివ్వడానికి ఇల్లు కొనాలనుకునే కొత్తవారు అద్దెలోంచి బ్యాంకు వాయిదాను తీసివేసి, మిగిలినదంతా లాభమేనని కాగితం మీద రాసుకొని మరీ నా దగ్గరకు వస్తారు. ఆ కాగితం ఒకప్పుడు నా జేబులోనూ ఉండేది కనుక, లెక్క ఎక్కడ తప్పుతుందో చూడగానే చెప్పగలను.

నా మొదటి అద్దె ఇంటిని ప్లేనోలో ఒక వృద్ధ దంపతుల దగ్గర కొన్నాను. వారు చూపిన ఆస్తిపన్ను బిల్లును పన్నెండుతో భాగించి నెల ఖర్చులో వేసుకున్నాను. ఆ బిల్లులో సొంతిట్లో నివసించేవారికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు, 65 ఏళ్ళు నిండినవారికి పాఠశాల పన్ను పెరగకుండా విధించే పరిమితి రెండూ కలిసి ఉన్నాయని, అవి వారితోనే వెళ్ళిపోతాయని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని మురిసిపోతాం గాని, బడులూ ఊళ్ళూ కౌంటీలూ నడిచేది చాలావరకు ఇళ్ళ మీద వేసే ఈ పన్నుతోనే.

మరుసటి ఏడు పన్ను పూర్తిగా పడింది. పన్నుకూ బీమాకూ వాయిదాతోపాటే వసూలు చేసి దాచే ఎస్క్రో ఖాతాలో లోటు వచ్చిందని మార్ట్‌గేజ్ కంపెనీ నుంచి ఉత్తరం అందింది. గడచిన ఏడాది లోటును నెలనెలా వసూలు చేసుకుంటూనే, రాబోయే ఏడాది పన్నుకు సరిపడేలా వాయిదాను కూడా పెంచారు. అద్దె ఒప్పందం ముగిసేదాకా నేను మాత్రం ఒక్క డాలరైనా పెంచడానికి వీల్లేదు. ఆ ఏడంతా జీతంలోంచి ఎదురు డబ్బు పెట్టి ఇంటిని నిలుపుకున్నాను. నిలుపుకున్నాను కాబట్టే ఈ రోజు మీకు చెప్పగలుగుతున్నాను.

బీమా ఉంది కదా అని ధైర్యపడేవారు పాలసీలో వడగళ్ళకు సంబంధించిన పేజీ చదవాలి. ఇక్కడ పైకప్పు దెబ్బతింటే మన వాటా తరచుగా ఇంటి బీమా విలువలో శాతంగా ఉంటుంది. 4 లక్షల డాలర్ల బీమాపై 2 శాతమంటే, మొదటి 8 వేలు మనమే పెట్టుకోవాలి. ఆగస్టు ఎండల్లో ఏసీ ఆగిపోతే అద్దెకున్నవారు మరుసటి నెల దాకా ఆగరు, ఆగమని అడగడమూ న్యాయం కాదు. అందుకే ఆరు నెలల వాయిదాలకు సరిపడే సొమ్ము విడి ఖాతాలో లేనిదే కొనవద్దని అంటాను. ఇది పిరికితనమని నవ్వే కుర్రవాళ్ళున్నారు, నవ్వనివ్వండి.

నష్టం వచ్చినా ఫెడరల్ ఆదాయపు పన్నులో కలిసొస్తుందని స్నేహితులు చెబుతారు. ఇంటి కట్టడం విలువను 27.5 ఏళ్ళలో తరుగుదలగా, అంటే ఏటా కొంత ఖర్చుగా, చూపవచ్చు, స్థలం విలువను చూపకూడదు. అయితే అద్దె నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే 25 వేల డాలర్ల వెసులుబాటు, ఆదాయం లక్ష దాటినప్పటి నుంచి తరుగుతూ లక్షా యాభై వేల దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్ళలో చాలామందికి అది అందదు. ఆ నష్టం రాబోయే ఏళ్ళకు జమపడుతుందే గాని, ఈ ఏడాది చేతికి రాదు.

హెచ్1బీ వీసా మీద ఉంటే అద్దె ఇంటి పనులు స్వయంగా ఎంతవరకు చూసుకోవచ్చో మీ వకీలును అడగండి. వాట్సాప్‌లో “తెలుగువారికి మాత్రమే” అని అద్దె ప్రకటన పెట్టకండి; జాతీయ మూలాన్ని బట్టి అలా వేరు చేయడాన్ని 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధించింది. పైగా మనవాళ్ళే కదా అని డిపాజిట్ వదిలేస్తే, అద్దె ఆలస్యమైనప్పుడు గట్టిగా అడగడానికి నోరు రాదు.

నచ్చిన ఇల్లు దొరికితే, పన్ను కోసం ఇళ్ళకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో దాని చిరునామా కొట్టి, మినహాయింపులన్నీ తీసేసి, మీరు కొనబోయే ధర మీద పూర్తి పన్ను రేటు వేసి చూడండి. కొన్న తరువాత ఏటా వసంతంలో విలువ నోటీసు వస్తుంది. ఎక్కువనిపిస్తే సాధారణంగా మే 15లోగా అభ్యంతరం వేయాలి. నేను ఏటా వేస్తాను. వినేవారు కొన్నిసార్లు తగ్గిస్తారు, కొన్నిసార్లు తగ్గించరు.