థర్మాకోల్ తయారీకి వాడే రసాయనం స్టైరీన్ ద్రవమే కదా, గాలిలోకి ఎలా వ్యాపిస్తుంది?

స్టైరీన్ మరగాలంటే 145 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి గాని, ఆవిరి కావడానికి శ్రీకాకుళం వేసవి ఎండ చాలు. దాదాపు 31 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి దానిపై చేరుతుంది. ఆ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువైనది కనుక పైకి పోకుండా నేలబారుగా పాకి, కళ్లను, ఊపిరితిత్తులను మండించి, ఎక్కువైతే స్పృహ తప్పిస్తుంది.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. దీని అణువులు వాటంతటవే గొలుసులుగా కలుస్తూ వేడిని పుట్టిస్తాయి, ఆ వేడి కలయికను ఇంకా వేగిరపరుస్తుంది. అందుకే ట్యాంకును చల్లగా ఉంచి, కలయికను అడ్డుకునే రసాయనాన్ని తప్పనిసరిగా కలుపుతారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో, లాక్‌డౌన్ కాలంలో స్టైరీన్ నిల్వ ఉన్న ట్యాంకులో ఈ కలయిక అదుపు తప్పడం వల్లనే ఆవిరి ఊరిమీద పడి ప్రాణాలు తీసింది.

కళింగపట్నం తీరంలో చేపలు సర్దే థర్మాకోల్ పెట్టెలు కూడా అలాగే విషవాయువును వదులుతాయనుకోవడం పొరపాటు. వాటిలో అణువులు అప్పటికే గొలుసులుగా బిగిసిపోయి ఉంటాయి, మిగిలిన స్టైరీన్ అత్యల్పం. అయితే వాటిని కాల్చితే వచ్చే పొగలో స్టైరీన్ తిరిగి వెలువడుతుంది కనుక కాల్చకూడదు.