ఉగ్రవాద కేసు పేరుతో విమానాశ్రయంలో ఆపేశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. దుబాయ్‌లో వెల్డర్‌గా పని చేస్తున్నాను. అక్కడ నా గదిలో ఉండే వేరే రాష్ట్రం అతను ఊరికి వచ్చినప్పుడు ఉగ్రవాద కేసులో అరెస్టయ్యాడట. నేను సెలవుపై వచ్చి తిరిగి వెళ్తుంటే హైదరాబాద్ విమానాశ్రయంలో లుకౌట్ సర్క్యులర్ (దేశం దాటకుండా చూడమని ఇమిగ్రేషన్‌కు పంపే ఆదేశం) ఉందని ఆపేశారు. అంతకు ముందు ఆ రాష్ట్ర పోలీసుల పేరుతో వాట్సాప్‌లో నోటీసు వచ్చింది. మోసగాళ్ల పని అని మా బావ అంటే సిమ్ మార్చేశాను. చెల్లి పెళ్లి అప్పు మెడ మీద ఉంది. అమ్మ తిండి మానేసింది. ఒకడు తప్పు చేస్తే గదిలో అందరినీ కట్టడి చేయడం న్యాయమా? అమెరికా దేశాలకు దేశాలనే నిషేధించినట్టు ఉంది. కొత్త పాస్‌పోర్టు ఇప్పించి ఖాట్మండు మీదుగా పంపిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లవద్దు. కారణం తరవాత చెబుతాను.

మీ కేసును తేల్చేది అప్పు కాదు, అమ్మగారి ఆరోగ్యం కాదు, స్నేహితుడి నేరం కూడా కాదు. మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ వాట్సాప్ నోటీసు. దాని మీద ఏ సెక్షన్ ఉంది? భారతీయ నాగరిక సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 179 అయితే మిమ్మల్ని సాక్షిగా పిలిచారు. 35(3) అయితే మీ మీదే అనుమానం ఉంది. 179 కింద పోలీసు అధికారి తన స్టేషను పరిధిలోనో, పక్క స్టేషను పరిధిలోనో ఉన్నవారినే రమ్మనగలడు. సోంపేటలో ఉన్న మనిషిని ఇంకో రాష్ట్రం నుంచి ఆ సెక్షన్‌తో రప్పించడం కుదరదు. ఇక 35(3) నోటీసును వాట్సాప్ వంటి మార్గాల్లో ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అంటే రెండు దారుల్లోనూ చట్టం మీకు కొంత అండగా ఉంది. ఆ అండను మీరే సగం పోగొట్టుకున్నారు. నోటీసు వచ్చాక సిమ్ మార్చిన మనిషిని ఏ దర్యాప్తు అధికారి అయినా ‘తప్పించుకు తిరుగుతున్నాడు’ అనే రాస్తాడు. లుకౌట్ సర్క్యులర్‌కు కావలసింది సరిగ్గా ఆ మాటే. నోటీసు నకిలీదని అనుమానం వస్తే సోంపేట స్టేషనుకు వెళ్లి చూపించవలసింది. బావగారి మాట మీద ఇంత పెద్ద నిర్ణయం తీసుకుంటారా?

పాత ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. ఆ సందేశం అందులో ఉంటే అది మీ మొదటి సాక్ష్యం. పాత నంబరు ఇంకా మీ పేరునే ఉంటే మళ్లీ తీసుకోండి. ప్రయాణం రద్దు చేసిన ముద్ర ఉన్న పాస్‌పోర్టు పేజీ, బోర్డింగ్ పాస్, తిరుగు టికెట్టు, కంపెనీ ఇచ్చిన సెలవు కాగితం అన్నీ ఒకచోట పెట్టండి. సెలవు కాగితం చాలా విలువైనది. మీరు పారిపోతున్నవారు కాదని, తెలిసిన పనికి తిరిగి వెళ్తున్నవారని చూపేది అదే.

న్యాయమా అని అడిగారు. అమెరికా పోలిక మీకు పనికిరాదు. 2017లో అక్కడి అధ్యక్షుడు ఆపింది తమ దేశంలోకి వచ్చే విదేశీయులను. అక్కడి సుప్రీంకోర్టు 2018లో ఆ ఉత్తర్వుల చివరి రూపాన్ని 5-4 తేడాతో నిలబెట్టింది. మరో దేశంలోకి రానివ్వమని అడిగే హక్కు ఎవరికీ లేదు. మీరు మాత్రం ఈ దేశ పౌరులు. విదేశానికి వెళ్లడం పౌరుడి వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని మన సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. కారణం చెప్పకుండా, వాదన వినకుండా ఆ స్వేచ్ఛను తీసేయకూడదని 1978లో మేనకా గాంధీ కేసులో తేల్చింది. బాంబు పెట్టేవాణ్ణి విమానం ఎక్కనివ్వమని నేను అనను. కానీ గదిలో పక్క మంచం మీద పడుకున్నందుకే ఒకరి బతుకు ఆపేస్తే అది భద్రత కాదు, అన్యాయం. గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో ఇళ్లు చేరిన మత్స్యకారుల జిల్లా మీ శ్రీకాకుళం. పొట్టకూటికి వెళ్లినవాణ్ణి అనుమానితుడిగా చూస్తే ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కేంద్ర హోంశాఖ 2021 మార్గదర్శకాల ప్రకారం, కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) లేని వ్యక్తిని ఆపకూడదు, రాకపోకల సమాచారం మాత్రమే ఇవ్వాలి. అయితే వెళ్తే ఉగ్రవాద చర్యకు పాల్పడవచ్చని సమాచారం ఉంటే ప్రత్యేకంగా ఆపవచ్చనే మినహాయింపు ఉంది. పోలీసులు నిలబడేది బహుశా దాని మీదే. ఆ సమాచారాన్ని మీకు చూపకపోయినా న్యాయమూర్తికి చూపమని పట్టుబట్టాలి.

ఇక ఏజెంటు సంగతి. పాస్‌పోర్టు పోయిందని అబద్ధం చెప్పి, ఉన్న విషయం దాచి కొత్తది తీసుకుంటే పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 12 కింద రెండేళ్ల వరకు జైలు. దొరికిన రోజున ఆ పాస్‌పోర్టు పోతుంది. ఈరోజు సాక్షిగా బయటపడగల మీరు ఖాట్మండులో కాలు పెట్టగానే పరారీలో ఉన్న నిందితుడు అవుతారు. ఏజెంటు మాత్రం డబ్బు తీసుకుని ఇంకో ఊరికి పోతాడు.

చేయవలసింది ఇది. ముందు ఎఫ్‌ఐఆర్ సంపాదించండి. ఉగ్రవాద కేసుల ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్లలో పెట్టకపోవచ్చు. కేసు నడుస్తున్న కోర్టులో న్యాయవాది ద్వారా నకలుకు దరఖాస్తు చేయండి. అందులో మీ పేరు ఉందా, ‘ఉపా’ (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, ఉగ్రవాద కేసుల్లో పెట్టేది) సెక్షన్లు ఉన్నాయా చూడాలి. ఆ చట్టం కింద నిందితుడైతే ముందస్తు బెయిల్ దొరకదు. కాబట్టి న్యాయవాది లేకుండా విచారణకు వెళ్లకండి, అలాగని వెళ్లడం మానకండి. దర్యాప్తు అధికారికి, అక్కడి ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. నోటీసు సంగతి విమానాశ్రయంలోనే అర్థమైందని, హాజరవడానికి సిద్ధమని, ఫలానా తేదీల్లో రాగలనని చెప్పండి. సిమ్ ఎందుకు మార్చారో ఉన్నదున్నట్టు రాయండి. లుకౌట్ కోరినవారే దాన్ని తీసేయించాలి. ఇమిగ్రేషన్ కౌంటర్లో బతిమాలితే పని జరగదు.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయండి. మిమ్మల్ని ఆపింది హైదరాబాద్‌లో కనుక తెలంగాణ హైకోర్టుకూ వెళ్లవచ్చు. సర్క్యులర్ రద్దుతో పాటు, పూచీకత్తుపై ఒక్కసారి వెళ్లేందుకు అనుమతి కూడా అందులోనే అడగండి. రిట్‌కు గడువు లేదని నెలలు గడపకండి. సాధారణంగా ఆరు నెలలు బయట ఉంటే మీ దుబాయ్ నివాస వీసా చెల్లకుండా పోతుంది. ఈలోగా పాస్‌పోర్టు స్వాధీనం చేయమని పాస్‌పోర్టు కార్యాలయం నుంచి ఉత్తర్వు వస్తే, అప్పీలుకు ముప్పై రోజులే గడువు. అందిన తేదీ కవరు మీద రాసి, ఆ కవరుతో సహా మీ న్యాయవాదికి ఇవ్వండి.