ఆ వీధులు అలా ఎందుకున్నాయి?

ప్రశ్న: మా అబ్బాయి చికాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో నేనూ మావారూ వెళ్లాం. గ్రీన్ లైన్ రైల్లో నగరం దక్షిణ భాగానికి వెళ్తుంటే కిటికీలోంచి మూతపడ్డ ఇళ్లు, గడ్డి మొలిచిన ఖాళీ స్థలాలు వరసగా కనిపించాయి. వాడిప్పుడు ఇల్లు కొనాలనుకుంటున్నాడు. "ఆ వైపు చూడకు, నల్లవాళ్లుంటారు" అని మనవాళ్లే చెబుతున్నారట. వాళ్లు తమ వీధులను బాగుచేసుకోలేరా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1987లో ఆ నగరానికి వెళ్లి, ఆ దక్షిణ భాగంలోనే ఒక ఆసుపత్రిలో పందొమ్మిదేళ్లు నర్సుగా పనిచేశాను. వెళ్లిన కొత్తలో నేనూ ఇదే మాట అడిగాను. డయాలసిస్‌కు వచ్చే ఒక పెద్దావిడ నాకు జవాబు చెప్పారు, వారానికి మూడుసార్లు, కొంచెం కొంచెంగా.

ఆవిడ నల్లజాతివారు, దక్షిణాది రాష్ట్రం మిసిసిపీ నుంచి వచ్చినవారు. 1958లో భార్యాభర్తలు లాన్‌డేల్ అనే పేటలో ఇల్లు కొనబోతే బ్యాంకు అప్పివ్వలేదు. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి అమెరికా నగరాల పటాలకు రంగులు వేయించింది. అప్పు ఇవ్వడానికి భద్రమైన పేటకు ఆకుపచ్చ, ప్రమాదమనుకున్న పేటకు ఎరుపు. నల్లజాతివారుండే పేటలకు దాదాపు ఎప్పుడూ ఎరుపే. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా అలాంటి చోట్ల ఇళ్ల అప్పులకు పూచీ ఉండలేదు.

ఆ ఖాళీలోకి దళారులు వచ్చారు. తెల్లవారి తలుపు తట్టి, "నల్లవాళ్లు వచ్చేస్తున్నారు, ధర పడిపోతుంది" అని బెదరగొట్టి చవకగా కొనేవారు. అదే ఇంటిని ఎంతో ఎక్కువ ధరకు నల్లజాతి కుటుంబానికి కంట్రాక్టు మీద అమ్మేవారు. చివరి వాయిదా కట్టేదాకా ఇల్లు కొన్నవారి పేరు మీదికి రాదు. ఒక్క వాయిదా తప్పినా ఇల్లు పోతుంది, అంతవరకూ కట్టిందీ పోతుంది. ఆవిడ భర్త పగలొక చోట, రాత్రొక చోట పనిచేశారట. పైకప్పు కారుతున్నా బాగుచేయించలేదు, చేతిలో ఉన్నదంతా వాయిదాకే. ఎనిమిదో ఏట ఆయన మంచాన పడ్డారు. ఇల్లు పోయింది.

మార్టిన్ లూథర్ కింగ్ 1966 జనవరిలో అదే లాన్‌డేల్‌లో అద్దె ఇంట్లో దిగారు. ఆ ఆగస్టులో నగరం నైరుతి వైపు తెల్లవారుండే మార్క్వెట్ పార్కు (Marquette Park) పేటలో ఊరేగింపు తీస్తే రాళ్లు విసిరారు, ఒకటి ఆయన తలకు తగిలింది. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను నిషేధించిన చట్టం 1968 ఏప్రిల్‌లో, ఆయన హత్య జరిగిన వారానికి వచ్చింది. కానీ చికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రంలో బడుల ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఇళ్ల విలువ పడిపోయిన చోట బడి నీరసిస్తుంది, బడి నీరసించిన చోట ఇల్లు ఎవరూ కొనరు. మీరు చూసిన గడ్డి అలా మొలిచింది.

మనవాళ్ల మాట నాకు ఎక్కువ బాధ కలిగించింది. భారతీయులు తెల్లవారు కారంటూ 1923లో అక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడికి పౌరసత్వం నిరాకరించింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లడానికి తలుపు తీసింది 1965 వలస చట్టం. నల్లజాతి పౌరహక్కుల పోరాటం రగిలిన రోజుల్లో, ఆ ఒత్తిడి మధ్య వచ్చిన చట్టం అది. హైదరాబాదులో అద్దెకు వెళ్తే ఇంటిపేరు అడిగి, ఊరడిగి, "శాకాహారులేనా" అంటూ కులమూ మతమూ తేల్చుకునే ఇంటివారు మనకు తెలుసు. ఆ అలవాటును పెట్టెలో సర్దుకుని అంత దూరం మోసుకెళ్లామా అనిపిస్తుంది.

మీ అబ్బాయి ఎక్కడ కొనాలో నేను చెప్పను. అతని ఆఫీసు దూరం, పిల్లల బడి అతనికే తెలుస్తాయి. ఇల్లు చూపించే ఏజెంటును మాత్రం ఆ పేట చరిత్ర అడగమనండి. మీరు మళ్లీ వెళ్లినప్పుడు గ్రీన్ లైన్‌లోనే వెళ్లి, వాషింగ్టన్ పార్కులోని డుసాబుల్ మ్యూజియం చూడండి. ఇప్పటి చికాగో ఉన్న చోట స్థానిక తెగలవారి తర్వాత మొదట స్థిరపడిన నల్లజాతి వర్తకుడి పేరు అది. మనవలుంటే వెంట తీసుకెళ్లండి.