గడియారం మారిన సోమవారమే దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి: సమాధానం

ముందు అనుమానించాల్సింది కన్వేయర్‌ని కాదు, నిద్రని. అమెరికాలో మార్చిలో ఒక ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు కదా, మీ డల్లస్ వేర్‌హౌస్‌లో రెండేళ్లుగా ఆ మర్నాడే చేతులు తెగుతున్నాయని, ఎందుకని అడిగారు. మీ షిఫ్ట్ 6కి. ఆ సోమవారం మీ ఒంటికి అది ఇంకా 5 గంటలే.

అమెరికా గనుల్లో 1983–2006 ప్రమాదాల లెక్కలు తీస్తే, ఆ సోమవారం గాయాలు 5.7 శాతం ఎక్కువ. దెబ్బల వల్ల పోయిన పనిదినాలు ఏకంగా 67.6 శాతం ఎక్కువ. నవంబరులో గంట వెనక్కి జరిపినప్పుడు ఈ తేడా లేదు. (అరిజోనాలో చాలా చోట్ల ఈ గొడవే లేదు, అదృష్టవంతులు.)

అందరూ తప్పేది ఇక్కడే: శనివారం రాత్రి గంట ముందు పడుకుంటారు. నిద్ర రాదు, ఫోన్ చూస్తూ పదకొండు చేస్తారు. ముందు జరపాల్సింది పడుకునే టైమ్ కాదు, లేచే టైమ్.

1. బుధవారం నుంచి శనివారం దాకా అలారం రోజుకి 15 నిమిషాలు ముందుకు. నాలుగు రోజుల్లో గంట సరి. రాత్రి నిద్ర దానంతటదే ముందుకొస్తుంది.
2. లేవగానే ఇంట్లో లైట్లన్నీ వేయండి. బయట చీకటే కదా, వెలుతురు పడకపోతే ఒళ్లు నమ్మదు.
3. ఆదివారం పప్పన్నం తిని రెండు గంటలు పడుకున్నారో, అంతా వృథా.
4. సోమ, మంగళవారాల్లో బాక్స్ కట్టర్, ఫోర్క్‌లిఫ్ట్ పని తగ్గించి లేబులింగ్ ఇవ్వమని సూపర్‌వైజర్‌ని ముందే అడగండి.