ఆటగది ప్రశ్నలు, జవాబులు: దండు కంటే ముందు వేగు వెళ్ళాలి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘మెడీవల్ 2: టోటల్ వార్’ మీదే, అందులోనూ గూఢచారుల మీదే. తెలియనివాళ్ళకు ఒక్క మాట: ఇది 2006లో వచ్చిన ఆట. 1080 నుంచి 1530 దాకా యూరప్, పశ్చిమాసియా రాజ్యాల్లో ఒకదాన్ని మీరు నడపాలి. 2022లో ఫోన్లకు కూడా వచ్చింది కాబట్టి కొత్తవాళ్ళు బాగానే చేరినట్టున్నారు.

ప్రశ్న: క్రూసేడ్‌లో (క్రైస్తవ రాజ్యాల మతయుద్ధ యాత్ర) ఆంటియోక్ నగరం మీదకు వెళ్ళాను. సైన్యంతో పాటే ఒక స్పైని తీసుకెళ్ళి కోటలోకి పంపాను. గేటు తెరిచే అవకాశం చాలా తక్కువ చూపించింది, తెరుచుకోనూ లేదు. ముట్టడి వేసి కూర్చున్నాను, ఈలోపు ఖజానా ఖాళీ అయింది. అసలు స్పైల వల్ల లాభం ఉందా అన్నా? (ఒక పాఠకుడు, తెనాలి)

ఉంది తమ్ముడూ, కానీ సైన్యంతో పాటు పంపితే లేదు. చాలామంది స్పైని తలుపు తీసే తాళంచెవిలా చూస్తారు, కోట దగ్గరికి వెళ్ళాక జేబులోంచి తీస్తారు. అతని అసలు పని అంతకంటే చాలా ముందే మొదలవ్వాలి. దండు బయల్దేరక ముందే ఒకడు లోపల ఉంటే ఆ ఊళ్ళో ఎంత సైన్యం ఉంది, అందులో గుర్రాలెన్ని, విలుకాళ్ళెంతమంది, ఏ భవనాలున్నాయి అన్నీ కనిపిస్తాయి. అవి చూసుకున్నాక ‘ఈ ఊరు వద్దు, పక్క ఊరు చూద్దాం’ అనిపించినా అనిపించొచ్చు, నన్నడిగితే స్పై చేసే పెద్ద మేలు అదే. గేటు సంగతి ఆ తర్వాత.

గేటే కావాలంటే ఒక్కడు చాలడు. లోపల ఎంతమంది ఉంటే, వాళ్ళకు ఎంత అనుభవం ఉంటే ఆ శాతం అంత పెరుగుతుంది. కొత్తగా తయారైనవాణ్ణి నేరుగా పెద్ద కోటలోకి తోస్తే దొరికిపోతాడు. ముందు కాపలా పల్చగా ఉన్న చిన్న ఊళ్ళలోకి పంపి చెయ్యి తిరగనివ్వండి. క్రూసేడ్‌లో అయితే ఇంకో చిక్కు కూడా ఉంది, సైన్యం లక్ష్యం వైపు కదలకుండా ఆగితే సైనికులు వదిలేసి పోతుంటారు. కాబట్టి సైన్యం దారిలో ఉండగానే స్పైలు లోపలికి చేరి ఉండాలి. గేటు తెరుచుకుంటే గోడెక్కే నిచ్చెనలు, తలుపులు పగలగొట్టే దూలాలు తయారుచేసుకునే పని లేకుండా అదే టర్నులో (ఆటలో మన వంతు) లోపలికి వెళ్ళిపోవచ్చు.

మీరు ఆంటియోక్ పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నా, అసలు మొదటి క్రూసేడ్‌లో ఆ ఊరు పడింది కూడా సరిగ్గా ఇలాగే. 1097 అక్టోబరులో ముట్టడి మొదలైంది. చలికాలమంతా బయట ఉన్నవాళ్ళే తిండిలేక మాడారు, గుర్రాలు చచ్చిపోయాయి, కొందరు పారిపోయారు కూడా. చివరికి బోహెమండ్ అనే నాయకుడు లోపల ఒక బురుజు కాపలా చూస్తున్న ఫిరూజ్ అనేవాడితో రహస్యంగా బేరం కుదుర్చుకున్నాడు. 1098 జూన్ 3 తెల్లవారకముందే అతను బోహెమండ్ మనుషుల్ని గోడ ఎక్కించుకున్నాడు, వాళ్ళు తలుపులు తెరిచారు. అన్ని నెలలు లొంగని ఊరు ఒక్క రాత్రిలో పోయింది. అయితే కొండమీది కోట మాత్రం చేతికి రాలేదు, పైగా రెండు మూడు రోజుల్లోనే మోసూల్ నుంచి కెర్బోగా పెద్ద సైన్యంతో వచ్చి చుట్టుముట్టాడు, ముట్టడించినవాళ్ళే ముట్టడిలో పడ్డారు. ఆటలో కూడా ఇదే జరుగుతుంది, అందుకని ఒక స్పైని ఊళ్ళో కాకుండా, శత్రువు సాయం వచ్చే దారిలో నిలబెట్టండి. దీన్ని దాదాపు ఎవరూ చెయ్యరు.

ప్రశ్న: పన్నులు తగ్గించాను, సైన్యం పెట్టాను, అయినా సరిహద్దు నగరంలో అల్లర్లు ఆగట్లేదు. చుట్టుపక్కల శత్రు సైన్యం కూడా లేదు. టెన్షన్‌గా ఉంది, కారణం ఏంటి? (హన్మకొండ నుంచి)

చాలా మటుకు మీ ఊళ్ళో పక్కరాజు మనుషులు దిగి ఉంటారు. శత్రు స్పైలు ఊళ్ళో ఉంటే జనంలో అసంతృప్తి పెరుగుతుంది, ఎక్కువమంది చేరితే ఊరు తిరగబడేదాకా వెళ్తుంది. వాళ్ళు మ్యాపు మీద కనిపించరు కాబట్టి మనం పన్నుల్నీ గవర్నర్‌నీ తిట్టుకుంటూ ఉంటాం. మీ స్పైనే తెచ్చి మీ ఊళ్ళోనే కూర్చోబెట్టండి. ఇంట్లో కూర్చున్న స్పై దండగ అనుకోవద్దు, పరాయివాణ్ణి పట్టుకునే అవకాశం అతనివల్లే పెరుగుతుంది. సరిహద్దు నగరాల్లో ఒక్కొక్కడు తప్పనిసరి, లోపలి ఊళ్ళకు అంత అవసరం లేదు.

ఇందాకటి బోహెమండ్‌కీ ఇదే తలనొప్పి వచ్చిందట. శిబిరం నిండా శత్రువుల వేగులు, ఏ మాట అనుకున్నా లోపలికి చేరిపోతోంది. అప్పుడతను కొందరు టర్కీ బందీల్ని చంపించి, నిప్పుల మీద కాల్పించి, ఇకపై దొరికిన వేగులందరూ మా వంటింటికే అని చాటించాడనీ, దెబ్బకు శిబిరం ఖాళీ అయిందనీ 12వ శతాబ్దపు చరిత్రకారుడు విలియం ఆఫ్ టైర్ రాశాడు. సంఘటన జరిగిన చాలా ఏళ్ళకు రాసింది కాబట్టి మసాలా ఎంతో మనం చెప్పలేం. ఆటలో ఈ బటన్ లేదు, అదృష్టం.

ప్రశ్న: గేటు తెరుచుకునేదాకా సేవ్ చేసి మళ్ళీ మళ్ళీ లోడ్ చేస్తాను. మా రూమ్మేట్ మోసం అంటాడు. (డల్లాస్ నుంచి)

ఒక్కరే ఆడుకుంటున్నారు కదా, మోసం ఎవరిని? కాకపోతే పోయే ప్రమాదం లేని స్పై మీద మీకే రెండు వారాల్లో విసుగొస్తుంది, అప్పుడు మీ రూమ్మేట్ మాట వినండి.

ప్రశ్న: మంగోలులు వచ్చాక ఏం చేసినా నిలబడలేకపోతున్నాను. స్పైలు పనికొస్తారా? (విజయనగరం నుంచి)

గేట్లకు పనికిరారు, ఎందుకంటే వచ్చిన కొత్తలో వాళ్ళకు ఊళ్ళే ఉండవు, ఉన్నదంతా కదిలే సైన్యమే. కళ్ళుగా మాత్రం వీళ్ళే దిక్కు. మ్యాపు తూర్పు అంచున ముందే ఇద్దరు ముగ్గుర్ని చెదరగొట్టి ఉంచండి, కుదిరితే వాచ్‌టవర్లు కూడా కట్టండి. ఏ దండు ఎటు తిరిగింది, ఏది మిగతావాటికి దూరంగా పోయింది అన్నది ప్రతి టర్నూ చూసుకుంటే, మీరు నది వంతెన దగ్గర కాచుకునే వ్యవధి దొరుకుతుంది. బయలు మైదానంలో ఆ గుర్రపు విలుకాళ్ళతో పెట్టుకోవద్దు, అక్కడ ఎంత సమాచారమున్నా కాపాడదు.

నిజం మంగోలులకు వార్తలు మోసినవాళ్ళలో వర్తకులు చాలామంది. 1218లో చెంగిజ్ ఖాన్ పంపిన వర్తక బృందాన్ని మధ్యాసియాలోని ఒత్రార్ నగర పాలకుడు ఇనాల్చుక్ గూఢచారులని నింద వేసి చంపించాడు, సరుకంతా లాక్కున్నాడు. న్యాయం అడగడానికి వెళ్ళిన రాయబారుల్లో ఒకణ్ణి అతని పైరాజు, ఖ్వారెజ్మ్ రాజ్యాన్నేలే షా చంపించాడు. మరుసటి ఏడాదే మంగోలులు ఆ రాజ్యం మీద పడ్డారు, ఆ తర్వాత అది తేరుకోలేదు. ఆ వర్తకుల్లో నిజంగా వేగులున్నారా అంటే ఉండే ఉంటారు, కానీ ఇనాల్చుక్ కన్ను సరుకు మీద కూడా ఉందని నా అనుమానం. ఆటలో వర్తకుడు వేరు, స్పై వేరు. ఆ రెండు పనులూ ఒకడే చేస్తే ఎంత బాగుండేదో!

ప్రశ్న: కౌటిల్యుడు అన్ని రకాల గూఢచారుల గురించి చెప్పాడు కదా, మన పద్ధతి ఏ ఆటలోనైనా ఉందా? (ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ)

‘సివిలైజేషన్ 6’లో చంద్రగుప్తుడు ఉన్నాడమ్మా, అతని ప్రత్యేక శక్తి పేరు కూడా అర్థశాస్త్రమే, తీరా చూస్తే అందులో పక్కరాజ్యం మీద దండెత్తడానికి సాయం తప్ప ఒక్క గూఢచారి లేడు! అదనపు స్పై దక్కేది ఫ్రాన్స్ రాణి కాథరీన్ డి మెడిచికి. నాకైతే ఇది కాస్త అన్యాయంగానే అనిపించింది. శిష్యుడిలా, సన్యాసిలా, రైతులా, వర్తకుడిలా, తపస్విలా ఒక్కచోట స్థిరపడి పనిచేసేవాళ్ళు కొందరు, తిరుగుతూ పనిచేసేవాళ్ళు కొందరు, ఇంత వివరంగా చెప్పిన గ్రంథం పేరు పెట్టుకుని ఆ భాగాన్నే వదిలేశారు.

అయినా కౌటిల్యుడి సూత్రం ఒకటి మీరే ఆటలోకి తెచ్చుకోవచ్చు. ఒకరికొకరు తెలియని ముగ్గురు ఒకే మాట చెబితేనే నమ్మమన్నాడు ఆయన. మెడీవల్ 2లో స్పై అబద్ధం చెప్పడు గానీ, అతను చూసింది ఆ టర్నుకే నిజం, వచ్చే టర్నుకు దండు ఇంకెక్కడో ఉంటుంది. అందుకే ఒకణ్ణి ఊళ్ళో, ఒకణ్ణి దారిలో, ఒకణ్ణి శత్రు రాజధాని దగ్గర పెట్టి, మూడూ సరిపోయాకే దండును కదపండి.